గోడవైపు తిప్పి పెట్టిన కుక్కరు

నాకు నోరెక్కువ. ఇది నేను చెప్పుకునే గొప్ప కాదు, నలభై ఏళ్లుగా మా వారు అంటున్న మాట. ఆయన ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. కాలువలన్నిటికీ లాకులున్నాయి గానీ నీ నోటికి మాత్రం ఏ ఇంజనీరూ లాకు కట్టలేకపోయాడు కనకవల్లీ అనేవారు. నేను నవ్వేసేదాన్ని. ఆ నోటితో మా కోడల్ని రెండేళ్లు ఎలా సాధించానో, చివరికి నోరు మూసుకుని ఒక్క మంచి పని చేద్దామని బయల్దేరి ఏం చేశానో చెప్పుకోకపోతే నాకు తిన్నది అరగదు.

మా కోడలి పేరు శృతి. తొంభై ఎనిమిది వేసవిలో మా ఉదయ్‌భాస్కర్‌తో పెళ్లయింది. వాళ్ల నాన్న విశ్వపతిగారు సామర్లకోట స్టేషన్లో బుకింగ్ క్లర్కు. పిల్లకి తొమ్మిదేళ్లప్పుడు భార్య పోతే మళ్లీ పెళ్లి మాట తలపెట్టకుండా తనే వండి పెట్టి పెంచుకున్నాడు. కూతురి పెళ్లయిన ఆరు నెలలకి, కార్తీకమాసంలో, డ్యూటీ దిగి ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. రైల్వే క్వార్టరు ఖాళీ చేయడానికి మా వాడూ, శృతీ వెళ్లారు. మంచాలూ బీరువా బంధువులకిచ్చేసి, తను మాత్రం ఒకే ఒక్క వస్తువు ఒళ్లో పెట్టుకుని వచ్చింది. అదే ఆ కరెంటు కుక్కరు.

తెల్లటి డొక్కు, దాని మీద గులాబీపూల బొమ్మ, లోపలొక గిన్నె, పైన గాజు మూత. కింద ఒక మీట ఉంటుంది. అది నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది, వంటయ్యాక మీట దానంతటదే టక్కుమని పైకి లేస్తుంది. అందులోనే అన్నం, పప్పు, ఉప్మా, పైన చిల్లుల పళ్లెం పెడితే కూరముక్కలు, ఇడ్లీలు, ఆఖరికి కేకు కూడా అయిపోయేవి. తండ్రి షిఫ్టు డ్యూటీలకి వెళ్లిపోతే పిల్ల ఒంటరిగా గ్యాసు వెలిగించకూడదని ఆయన దాన్ని కొన్నాడట.

నేను దాన్ని వంటింటి గడప దాటనివ్వలేదు. మా ఇంట్లో అన్నం వండిన గిన్నె అంటు. దాన్ని తోమి, నీళ్లతో కడిగి, బోర్లిస్తే గానీ మళ్లీ పొయ్యి మీదికెక్కదు. మా అత్తగారు నాకు నేర్పిన మొదటి పాఠం అది. ఈ కుక్కరు సంగతేంటంటే, లోపలి గిన్నె కడుగుతారు, పై డొక్కు కడగరు. ఎన్నేళ్లుగా ఎన్నిసార్లు గంజి పొంగి దాని మీద కారిందో, ఒక్కనాడూ నీళ్లు ముట్టుకోలేదు. ఇదేంటమ్మాయ్ అంటే, కరెంటుది కదండీ, తడిగుడ్డ పెట్టి తుడిస్తే చాలండి అంది. తుడిస్తే అంటు పోతుందా? వెనక వసారాలో ఒక బల్ల చూపించాను. అక్కడే పెట్టుకుంది. తెల్లారి లేచి తన ఆఫీసు కేరేజీకి అక్కడే వండుకునేది. తను కూడా ఇరిగేషన్ ఆఫీసులోనే జూనియర్ అసిస్టెంటు.

దానికి ఒక పక్కన, మందుల షాపులో అమ్మే తెల్ల ప్లాస్టరు మూడు వరసలుగా అంటించి ఉండేది. పసుపూ నూనే పట్టి ఎండుటాకు రంగుకి తిరిగిపోయింది. ఆ పక్కని ఎప్పుడూ గోడవైపు తిప్పి పెట్టేది శృతి. పగులేదో ఉండి ఉంటుంది, అత్తగారి కంట పడకుండా దాస్తోందనుకున్నాను. పగిలిన సామానుని పుట్టింటి నుంచి మోసుకొచ్చిందని కూడా ఒకసారి అన్నాను.

ఇక ఆ కేకు. సామర్లకోటలో విశ్వపతిగారితో పనిచేసే లాజరుగారి ఇంట్లో క్రిస్మస్‌కి చేసేవారట. ఈయన అడిగి నేర్చుకుని, గుడ్డు మానేసి పెరుగూ వంటసోడా వేసి, యాలకులు దంచి కలిపి, కూతురి కోసం ఆ కుక్కర్లోనే చేసేవాడు. మీట లేచాక ఆగి, మళ్లీ నొక్కి, మళ్లీ ఆగి, అలా దానితో బేరమాడుతూ గంటసేపు కాయాలి. శృతి అది చేసేటప్పుడు మాత్రం కుక్కర్ని గోడ నుంచి తనవైపు తిప్పుకునేది. ఆ గంటా స్టూలు మీద కూర్చుని దాన్నే చూస్తూ ఉండేది. ఏం చూస్తావమ్మాయ్, పారిపోతుందా అని నేను అటు వెళ్తూ ఒకటీ, ఇటు వస్తూ ఒకటీ అనేదాన్ని.

మొదటి ఏడు విశ్వపతిగారి తద్దినం వచ్చింది. కొడుకుల్లేరు కాబట్టి ఆయన అన్నగారి అబ్బాయి కోనసీమలో వాళ్లింట్లో పెట్టాడు. పెళ్లయి ఇంటి పేరు మారిన ఆడపిల్లని పిలవాలని వాళ్లకి తోచలేదు. ఆవేళ శృతి సెలవు పెట్టి, తలంటుకుని, వసారాలో కేకు చేసుకుంది. దించి పళ్లెంలో బోర్లించింది. వాసన ఇల్లంతా కమ్ముకుంది. నేను వంటింట్లోంచే అన్నాను.

"తద్దినం పూట కేకు కోస్తావా అమ్మాయ్? మీ నాన్న పోయాడనా, పుట్టాడనా?"

ఎక్కువన్నానని అన్నాక నాకే తెలిసింది. కానీ అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు ఏనాడూ చేతకాలేదు. శృతి ఏడవలేదు. కేకు ముక్క కూడా నోట్లో వేసుకోలేదు. బట్టలుతకడానికి వచ్చే బేబికి మొత్తం ఇచ్చేసి, పళ్లెం కడుక్కుని, గదిలోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏడాది పొడుగునా నాతో అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప మాట్లాడలేదు. ఆ జవాబులు కూడా ఆఫీసులో వచ్చినవాళ్లకి చెప్పినట్టు మర్యాదగా ఉండేవి. పోట్లాడే కోడలైతే నాకు చేతనవును. ఆ మర్యాదతో ఏం చెయ్యాలో తెలియలేదు.

రెండో ఏడు కార్తీకం వచ్చింది. తద్దినం ఇంకో వారం ఉందనగా ఆ అన్నగారి అబ్బాయి ఫోను చేశాడు. బరంపురం బదిలీ అయిందట, సామాను ఇంకా విప్పలేదట, ఈ ఏటికి గుళ్లో ఎవరికైనా స్వయంపాకం ఇచ్చేస్తానని చెప్పాడు. శృతి 'అలాగే అన్నయ్యా' అని ఫోను పెట్టేసింది. అక్కడే ఒక నిమిషం నిలబడి వసారాలోకి వెళ్లింది. నేను చిక్కుడుకాయలకి ఈనె తీస్తూ అంతా విన్నాను.

నా చేతులు ఆగిపోయాయి. మా వంటింట్లో ఏడాదికి మూడు తద్దినాలవుతాయి. మా మామగారికి, అత్తగారికి, మా బావగారికి, గారెలూ పాయసం దగ్గర్నుంచి అన్నీ నా చేత్తోనే వండుతాను. భార్య పోయినా పిల్లకి సవతి తల్లిని తేకుండా, మగాడై ఉండి గరిట పట్టి పెంచిన మనిషికి, ఆయన తిథినాడు ఆయన పేరు చెప్పి ఒక మెతుకు ఉడికే చోటు లేకుండా పోయింది. ఉన్న ఒక్క కూతురూ వండుకుందామంటే వసారాలో, అంటులో, నా ఎత్తిపొడుపుల మధ్య వండుకోవాలి. నాకు సిగ్గేసింది. పుట్టి బుద్ధెరిగాక నాకు అంత సిగ్గెప్పుడూ వెయ్యలేదు.

అప్పుడే నిశ్చయించుకున్నాను. ఈసారి ఆ కేకు నా వంటింట్లో, మడితో అవుతుంది. దేవుడి గూటి ముందు విస్తరి వేసి నేనే వడ్డిస్తాను. శాస్త్రం ఒప్పుకుంటుందా అంటే నాకు తెలియదు. గ్యాసు పొయ్యి వచ్చినప్పుడు మా అత్తగారు కూడా అలాగే అడిగింది, తర్వాత దాని మీదే కాఫీ పెట్టించుకుని తాగింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా నోటికి అంత గట్టిగా లాకు పడడం అదే మొదలు.

ముందు రోజు మధ్యాహ్నం శృతి ఆఫీసులో ఉంది, మా వాడు రాజమండ్రిలో తను పనిచేసే కాలేజీలో ఉన్నాడు, మా వారు భోంచేసి నడుం వాల్చారు. నేను కుక్కర్ని నూతి దగ్గరికి తీసుకెళ్లాను. మడిలోకి రావాలంటే అంటు పోవాలి, అంటు పోవాలంటే కడగాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. నీళ్లు చిందుతాయని కళ్లజోడు తీసి గట్టు మీద పెట్టాను. గంగాళం నిండా నీళ్లు తోడి, కుక్కర్ని మూడుసార్లు ముంచి తీశాను. లోపలి కంతల్లోంచి బుడబుడా గాలి వచ్చింది. చింతపండు పెట్టి అడుగూ అంచులూ కొబ్బరిపీచుతో రుద్దాను. ఎన్నేళ్ల గంజో, గోధుమరంగులో కారింది. అది చూసి, కడగడం ఎంత మంచిదైందో అనుకున్నాను.

ప్లాస్టరు దగ్గరికొచ్చేసరికి ఒళ్లు జలదరించింది. ప్లాస్టరంటే పుండుకి వేసేది. అలాంటిది మడి వంటింట్లోకి ఎలా వస్తుంది? గోళ్లతో లాగితే పీలికలుగా వచ్చింది. మిగిలిన జిగురుని కత్తిపీట అంచుతో గీకి, పీచుతో రుద్దేశాను. దాని కింద పగులేమీ లేదు. డొక్కు నున్నగా ఉంది. ఈ మాత్రానికి దాచడమెందుకో పిచ్చిపిల్ల అనుకుని, ఆ పీలికల్ని అరటిబోదెల కింద నీళ్లు పోయే కాలవలోకి విసిరేశాను.

ఎండలో బోర్లిస్తే కొత్త కుక్కరులా మెరిసింది. మా వారు లేచి వచ్చి, కరెంటు సామాను నీళ్లలో ముంచావా ఏంటే అన్నారు. ఆరిపోతుంది లెండి, మీరు పడుకోండి అన్నాను. సాయంత్రం శృతి వచ్చేలోపు దాన్ని పొడిగుడ్డలో చుట్టి వంటింటి అరుగు మీద, నా పొయ్యి పక్కన పెట్టాను. బల్ల ఖాళీగా ఉండటం చూసి శృతి నన్నేమీ అడగలేదు. ఎక్కడో పారేసి ఉంటాననుకుందేమో. మర్నాడు తన మొహం ఎలా వెలుగుతుందో తలుచుకుంటూ నేనూ చెప్పలేదు.

తెల్లవారి తను స్నానం చేసి వచ్చాక, ఆరేసిన మడిచీర ఇచ్చి కట్టుకోమన్నాను. ఎందుకండీ అంది. వంటింట్లోకి రమ్మన్నాను. గడప దగ్గర ఆగిపోయింది. అరుగు మీద కుక్కరూ, పక్కన పిండి, పంచదార, పెరుగు, దంచిన యాలకులూ అన్నీ అమర్చి పెట్టి ఉన్నాయి.

"కుక్కరంతా శుభ్రంగా కడిగానమ్మా. ఇవాళ మీ నాన్నగారికి ఇక్కడే చెయ్యి. విస్తట్లో నేను వడ్డిస్తాను" అన్నాను.

శృతి కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండేళ్లలో నా ఎదుట తను కళ్లనీళ్లు పెట్టుకోవడం అదే మొదటిసారి. 'అత్తయ్యగారూ' అని మాత్రం అంది. ఆ పిలుపు వేరేగా వినిపించింది. నా పక్కన నిలబడి పిండి జల్లించింది, పెరుగు గిలక్కొట్టింది. మా నాన్న పంచదార ఒక గుప్పెడు ఎక్కువే వేసేవారండి అంటూ చిన్నగా నవ్వింది. ఆ పది నిమిషాలూ మా వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లున్నారు. అంతకు ముందు ఎప్పుడూ లేరు.

తర్వాత పిండి గిన్నె లోపలికి దింపడానికి కుక్కర్ని తనవైపు తిప్పుకుంది. ఆగింది. ఇంకొంచెం తిప్పింది. చుట్టూ ఒకసారి పూర్తిగా తిప్పి, ఒక పక్కన అరచెయ్యి ఆనించి నిమిరింది. తడి ఉందేమో చూస్తోందనుకున్నాను. మొహంలో రంగు పోయింది. గిన్నె దింపి, మూత పెట్టి, ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసింది. టప్పుమని శబ్దం, నీలం మెరుపు, ఇంట్లో కరెంటు మొత్తం పోయింది. కాలిన వైరు వాసన వంటింట్లో నిలిచిపోయింది.

'ఫరవాలేదండి' అంది శృతి. పెట్టిన సెలవు కూడా రద్దు చేసుకుని ఆఫీసుకి వెళ్లిపోయింది. సోడా వేసిన పిండి గిన్నెలో బుడగలొచ్చి, ఆ బుడగలు కాసేపటికి అణిగిపోయాయి.

మా వారిని తరిమాను. ఆయన ఇంట్లో ఫ్యూజు మార్చి, కుక్కర్ని సంచిలో వేసుకుని, లాకుల దగ్గర మోటార్లు బాగుచేసే లోవరాజు షాపుకి వెళితే, ఇంట్లో ఉండలేక నేనూ వెనకాలే వెళ్లాను. లోవరాజు అడుగు విప్పి వంచితే గ్లాసుడు నీళ్లు కారాయి. 'దీన్ని నీళ్లలో ముంచేశారేంటండమ్మగారూ' అని నోరు తెరిచాడు. నేను తలొంచుకుని నిలబడ్డాను. వైర్లు మార్చాడు, లోపల ఏదో కాలిన బిళ్ల తీసి కొత్తది వేశాడు, ఎండలో పెట్టాడు, మళ్లీ బిగించాడు. నాలుగింటికి మీట నొక్కితే ఎర్ర లైటు వెలిగింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చినంత పనైంది. తిథి ఇంకా మిగిలే ఉంది, పొద్దూ ఉంది. ఇంటికొచ్చి పిండీ పెరుగూ మళ్లీ సిద్ధం చేసి, గుమ్మంలో నిలబడ్డాను.

శృతి అయిదున్నరకి వచ్చింది. చెప్పులు విప్పనివ్వకుండానే చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లి, మీట నొక్కి చూపించాను. బాగైపోయిందమ్మా, ఇప్పుడు చేద్దువుగాని అన్నాను. నీళ్లు పోస్తే పాడవుతుందని నాకు తెలియదని, మడిలోకి తేవాలనే కడిగానని, గుక్క తిప్పుకోకుండా చెప్పుకున్నాను.

"తెలుసండి" అంది. "నిరుడైతే కావాలనే చేశారనుకునేదాన్ని. ఇవాళ అనుకోవట్లేదు."

ఎర్ర లైటు వంక చూస్తూ నిలబడింది. తర్వాత అడిగింది.

"దీని పక్కన ప్లాస్టరుండేదండి. ఎక్కడ పారేశారు?"

కాలవలో వేశానన్నాను. ఎందుకలా అడుగుతోందో నాకు అర్థం కాలేదు.

"అది మా నాన్న రాసి అంటించారండి. నేను ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు."

మెల్లగా, ఫైల్లో ఉన్నది చదువుతున్నట్టు చెప్పింది. మధ్యాహ్నం డ్యూటీ పడిన రోజున తనొక్కత్తే కేకు చేసుకుంటానని మారాం చేస్తే, కాగితమైతే ఆవిరికి తడిసిపోతుందని ప్లాస్టరు ముక్కల మీద బాల్‌పెన్నుతో రాసి డొక్కుకి అంటించి వెళ్లాడట. నేనడగకుండానే ఆ మాటలు కూడా చెప్పింది.

"పాపాయీ, చేతులు తుడుచుకుని ప్లగ్గు పెట్టు. మీట లేచాక పావుగంట ఆగి మళ్లీ నొక్కు. మధ్యలో మూత తియ్యకు. ఏడింటికల్లా నేను వచ్చేస్తాను."

మా నాన్న ఉత్తరాలు రాసే మనిషి కాదండి, నన్ను చూడాలనిపిస్తే రైలెక్కి వచ్చేసేవారు అంది. తిట్టినా బాగుండేది.

నేను కళ్లజోడు పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను. అరటిబోదెల కింద బురదలో కూర్చుని రెండు చేతులతో వెతికాను. మడీ లేదు, అంటూ లేదు. మూడు పీలికలు దొరికాయి. నూతి నీళ్లతో మెల్లగా, ఈసారి వేలికొసతో కడిగి చూశాను. చింతపండు పులుసుకీ, రాత్రంతా కాలవ నీళ్లలో నానడానికీ సిరా అంతా పోయింది. ఒక పీలిక మీద లేత నీలం మరక ఉంది. అది ఏ అక్షరమో నేను ఎంత చూసినా తెలియలేదు. నిన్న నా చేతిలో ఉన్నప్పుడు అక్షరాలన్నీ ఉన్నాయి, గట్టు మీద కళ్లజోడూ ఉంది. ఆ రెండిటి మధ్యా జానెడు దూరం. ఆ బురదలోనే కూర్చుని ఏడ్చాను.

పీలికల్ని అరచేతిలో పెట్టి ఇస్తే శృతి తీసుకుంది. చేతిరుమాల్లో మడిచి పెట్టుకుంది. కేకు చెయ్యలేదు. నేను అడగలేదు. మడిచీర మళ్లీ కట్టుకుని, బాగైన కుక్కర్లోనే గుప్పెడు బియ్యం వేసి అన్నం వండింది. విశ్వపతిగారి పేరు చెప్పి నేను విస్తరి వేశాను. అన్నం, పప్పు, చిక్కుడుకాయ కూర వడ్డించాను. దీపం పెట్టి ఇద్దరం చెరో పక్కా కూర్చున్నాం. గోడ గడియారం ఏడు కొట్టింది. శృతి తలెత్తి గుమ్మంవైపు చూసి, మళ్లీ దించుకుంది.

అది జరిగి రెండేళ్లు దాటింది. కుక్కరు ఇప్పుడు నా వంటింట్లోనే ఉంది. రోజూ దాన్లోనే వండుతున్నాం. పై డొక్కుని తడిగుడ్డ పెట్టి తుడవడం నేనే నేర్చుకున్నాను. శృతి నాతో బాగానే ఉంటుంది, కూరల్లో ఉప్పు చూడమని పిలుస్తుంది, ఆఫీసు కబుర్లు చెబుతుంది. కేకు మాత్రం మళ్లీ చెయ్యలేదు. కడుపుతో ఉన్నప్పుడు ఏం తినాలనుందమ్మా అని అడిగితే అన్నీ చెప్పింది గానీ దాని పేరెత్తలేదు.

మొన్నొక రోజు వంటయ్యాక కుక్కర్ని తుడిచి, అరుగు మీద ఆ ఖాళీ పక్కని గోడవైపు తిప్పి పెడుతున్నాను. అలవాటైపోయింది. శృతి పిల్లకి అన్నం కలుపుతూ చూసింది.

"ఎటు తిప్పి పెట్టినా ఒకటేనండి ఇప్పుడు" అంది. గొంతులో కోపమేమీ లేదు.

అయినా నేను దాన్ని అటే తిప్పి పెట్టాను.